బొంత వీపు

ఆసుపత్రి ఎదురు వీధి, అద్దె గది
సోమవారం

బావా,

ఈ అక్షరాలు చూసి కోడి గీకిందనుకునేవు. నేనే. ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి మణికట్టు ఆపరేషన్ బాగానే జరిగింది. పద్దెనిమిదేళ్ళు కుక్కల్ని దువ్వి దువ్వి లోపలి నరం అరిగిపోయిందట. ఇంకో మూడు వారాలు కట్టు విప్పరు. ఇక్కడ చేతికి వ్యాయామం చేయించే ఆవిడ ఒకావిడ ఉంది, మా అక్క కన్నా ఒక ఆకు ఎక్కువే చదివింది. "రోజూ ఒక పేజీ రాయండి. ఇప్పుడు ఎడమతో, కట్టు విప్పాక కుడితో" అంది. ఎవరికి రాయను? కుక్కలకి రాస్తే చదవవు. అందుకని నీకు. నువ్వు ఫోన్ మాత్రం చెయ్యకు. అంతా ఫోన్లోనే మాట్లాడేసుకుంటే రాయడానికి ఏం మిగలదు.

నీ సెలూన్ ఉన్న భవనం పడగొట్టి మళ్ళీ కట్టేదాకా నువ్వు ఇంట్లో కూర్చుంటే అక్క ప్రాణం తీస్తావు. నా షాపు మూతబడితే నా ప్రాణం పోతుంది. ఇద్దరికీ కలిసొచ్చిందిలే అనుకుని తాళాలు నీ చేతిలో పెట్టాను. కానీ మనిషికి చేసినట్టు కుక్కకి చెయ్యకూడదు బావా. స్నానం, దువ్వడం, ఆరబెట్టడం, గోళ్ళు, చెవులు, ఇవి నిశ్చింతగా చెయ్యి. ఉంగరాల జుట్టు కుక్కలొస్తే కటింగ్ కూడా చెయ్యి, నీ కత్తెరకి వంక పెట్టేవాడు పుట్టలేదు. రెండు పొరల బొచ్చు కుక్కలున్నాయే, పైన పొడుగాటి గరుకు వెంట్రుక, అడుగున మెత్తటి ఉన్ని, వాటి ఒంటి మీద మాత్రం మిషన్ పెట్టకు. యజమాని బతిమాలినా, ఏడ్చినా పెట్టకు. పశువుల డాక్టరు చీటీ రాసిస్తే అది వేరే సంగతి.

ఇంకొకటి. ఎవరైనా గుండు చెయ్యమంటే ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని కుక్క బొచ్చులోకి, చర్మం తగిలేదాకా, పెట్టించు. అది నా షాపు పద్ధతి. తొంభై మందిలో ఎనభై మంది అక్కడే ఆగిపోతారు.

నీ బావమరిది

*

నీ షాపు, టబ్బు పక్క స్టూలు
గురువారం

ఏమోయ్ బావమరిదీ,

ఉత్తరం అందింది. మీ అక్క చూసి "వీడు బళ్ళో కూడా ఇలాగే రాసేవాడు, అప్పుడు కుడి చెయ్యే" అంది.

నాకు నువ్వు పాఠం చెప్పడం బాగానే ఉంది. కత్తెర పట్టుకోవడం నా సెలూన్లో నేర్చుకున్నవాడివి, ఆ సంగతి గుర్తుంచుకో. నలభై ఏళ్ళు తలలు చూశాను. తలకాయ చేతిలోకి వస్తే చాలు, వాడు ఇంట్లో పోట్లాడి వచ్చాడో ప్రేమలో పడి వచ్చాడో చెప్పగలను. కుక్కలైతే ఇంకా సుఖం. రాజకీయాలు మాట్లాడవు. అద్దంలో చూసుకుని ఎడమ చెవి పక్కన కొంచెం ఎక్కువైందనవు. నాలుగు రోజుల్లో పదకొండు స్నానాలు చేయించాను, ఒక్కటే కరవబోయింది, అది కూడా తప్పు నాదే, తోక మీద కాలేశాను.

సబ్బు దగ్గర మాత్రం జాగ్రత్తగానే ఉన్నాను. సీసా మీద రాసింది మూడుసార్లు చదివి, ముందు నా మోచేతికి రాసుకుని చూసి, అప్పుడే పోస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు.

ఇంతకీ టబ్బు పైన గోడకి ఆ ఫొటో ఏమిట్రా? తల లేదు, తోక లేదు, ఉత్త వీపు, అది కూడా మచ్చలు మచ్చలుగా బోడిది. ఎక్కడో చూసినట్టుంది, ఏదో పుస్తకంలోదై ఉంటుంది. పొద్దున్నే దాన్ని చూస్తూ పని మొదలుపెట్టాలంటే ఎలా? తీసేసి అద్దం పెట్టనా?

నిన్న టైలరమ్మ వచ్చింది, ఆ మూల మేడ మీద రేకుల గదిలో బట్టలు కుట్టే ఆవిడ. ఆవిడ కుక్క పేరు బొంతట. పేరుకి తగ్గట్టే ఉంది, తెల్లగా, లావుగా, మడతపెట్టి మంచం మీద వేసుకునేలా. తొమ్మిదేళ్ళట. "గుండు చేసెయ్యండి అన్నగారూ, ఎండకి చచ్చిపోతోంది" అంది. షాపు వాడు ఊళ్ళో లేడమ్మా అని పంపేశాను. చూశావా, నీ మాట దాటలేదు. కానీ నిజం చెప్పనా, ఆవిడ అన్నది నాకు సబబుగానే తోచింది. ఎండాకాలం మనం బనీను కూడా విప్పేస్తాం. దానికి కంబళి కప్పి ఉంచడం ఏం న్యాయం? జుట్టేగా, కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది. నా బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీదే నడిచింది.

మీ బావ

*

అద్దె గది
ఆదివారం

బావా,

నీ నమ్మకం మనుషుల తలకి సరిపోతుంది. బొంత వీపుకి సరిపోదు.

టైలరమ్మ గదికి రేకుల పైన ఇంకో కప్పు ఉంటే ఆవిడ కింద చల్లగా ఉండేది కదా? బొంతకి ఆ పై కప్పు ఒంటి మీదే ఉంది. ఎండలో పైబొచ్చు కాలుతుంటుంది, అడుగున చర్మం మామూలుగా ఉంటుంది. నీకు నమ్మకం లేకపోతే చెయ్యి పెట్టి చూడు. మనలా దానికి ఒళ్ళంతా చెమట పట్టదు, బొచ్చు తీసేస్తే గాలి తగిలి చల్లబడిపోవడానికి. నాలుక బయటపెట్టి రొప్పితేనే చల్లబడుతుంది. కప్పు పీకేస్తే ఎండ నేరుగా చర్మం మీద పడుతుంది, కాలుతుంది. మళ్ళీ మొలిచేటప్పుడు ముందు అడుగున ఉన్ని వస్తుంది, పై వెంట్రుక ఎప్పటికో వస్తుంది, వయసు మీద పడ్డ కుక్కకైతే రాకపోవచ్చు కూడా. ఏ కుక్కకి వస్తుందో, ఏ కుక్కకి రాదో నేను ముందే చెప్పలేను. డాక్టరు కూడా చెప్పలేడు.

ఈసారి ఆవిడ వస్తే బొంతని బల్ల మీద నిలబెట్టి రెండు గంటలు ఓపిగ్గా దువ్వు. ఊడిపోయి లోపలే ఇరుక్కున్న ఉన్ని సంచెడు వస్తుంది. దానివల్లే దానికి ఉక్క, బొచ్చు వల్ల కాదు. పొట్టా పాదాలూ తడపమను, మధ్యాహ్నం బయటికి తిప్పొద్దను, కుట్టు మిషన్ పక్కన నేల మీద ఫ్యాన్ పెట్టమను.

నీ సెలూన్లో కుర్చీలో కూర్చున్నవాడి మాటే మాట. వాడి తల, వాడి ఇష్టం. ఇక్కడ అడిగే మనిషి ఒకరు, ఒళ్ళు ఇంకొకరిది. ఆ ఒళ్ళు తరఫున మాట్లాడాల్సింది మనమే. గ్రూమర్ పనిలో కత్తెర సగమే బావా, మిగతా సగం వద్దని చెప్పడం.

ఫొటో తియ్యకు. అది అక్కడే ఉండాలి.

నీ బావమరిది

*

నీ షాపు
శనివారం

బావమరిదీ,

అంతా బ్రహ్మాండంగా ఉంది. షాపు శుభ్రంగా ఉంది. కుక్కలు శుభ్రంగా ఉన్నాయి. నేనూ శుభ్రంగానే ఉన్నాను. మీ అక్క నిన్ను అడిగినట్టు రాయమంది. నీ చెయ్యి ఎలా ఉంది? బాగా తింటున్నావా?

ఒక చిన్న సంగతి, ఊరికే అడుగుతున్నాను. ఒక కుక్కకి, మాట వరసకి, వీపు మీద జానెడు వెడల్పున, మూరెడు పొడుగున జుట్టు పోయిందనుకో. ఎన్నాళ్ళకి వస్తుంది? చర్మం కాస్త ఎర్రబడితే ఏం రాయాలి? తొందరేం లేదు, తీరిక చూసుకుని రాయి. అంటే, వెంటనే రాసినా మంచిదే.

మీ బావ

*

అద్దె గది
మంగళవారం

బావా,

మాట వరసకి అడిగేవాడు జానెడు, మూరెడు అని కొలతలు చెప్పడు.

ఎర్రబడ్డ చోట నీ సెలూన్ అల్మారాలో ఉన్నదేదీ రాయకు. పౌడరు వద్దు, మనుషుల క్రీములు వద్దు, కుక్క నాకి మింగేస్తుంది. చల్లటి తడిగుడ్డ మెత్తగా వేసి, ఈ ఉత్తరం చదవడం ఆపేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తర్వాత మిగతాది చదువు.

మిగతాది ఒక్క ప్రశ్నే. ఆ వీపు ఎవరిది?

నీ బావమరిది

*

నీ షాపు, బల్ల కింద నేల మీద కూర్చుని
శుక్రవారం

ఒరేయ్,

బొంతది.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా వరసగా రాస్తాను. నీ పెద్ద ఉత్తరం అందాకే చేశాను, తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. చదివాను. చదివి, "నాకు జుట్టు గురించి చెప్పేవాడయ్యాడా వీడు" అనుకున్నాను. అదీ అసలు సంగతి.

ఆ వేళ మిట్టమధ్యాహ్నం టైలరమ్మ మళ్ళీ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "రెండు రోజులుగా రొప్పుతూనే ఉంది అన్నగారూ, నా కళ్ళ ముందే పోయేట్టుంది, మీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. నీ పద్ధతి ప్రకారం ఆవిడ చెయ్యి బొచ్చులో పెట్టించాలి. అదంతా నీ షాపు ఆర్భాటమనుకుని మానేశాను. రెండు గంటలు దువ్వమన్నావు, దువ్వలేదు. నీ మిషన్ జోలికి పోలేదు సుమా, మిషన్ పెట్టకన్న నీ మాట అలా నిలబెట్టాననుకున్నాను. నా సెలూన్ పెట్టెలో నుంచి నా మిషన్ తీశాను. తెలివితేటలు చూడు.

అది కదలకుండా నిలబడింది. నా సెలూన్లో పెద్దమనుషులు కూడా అంత బుద్ధిగా కూర్చోరు. మెడ దగ్గర పెట్టి నడుం దాకా లాగాను. ఉన్ని ఒక గుడ్డలా లేచి వచ్చింది. దాని కింద చర్మం అప్పుడే పుట్టిన పిల్లికూన పొట్టలా గులాబీ రంగులో ఉంది. బ్లేడు కూడా వేడెక్కింది, నేను చూసుకోలేదు. బొంత మెల్లగా తల తిప్పి తన వీపు చూసుకుంది. తర్వాత వణకడం మొదలుపెట్టింది. బల్ల మీద నుంచి దూకి, దాని కిందకి దూరి, ఎంత పిలిచినా రాలేదు. అప్పుడు ఆపేశాను.

"మళ్ళీ వస్తుందిగా అన్నగారూ?" అంది ఆవిడ. "ఆరు వారాల్లో పట్టుకుచ్చులా వస్తుందమ్మా" అన్నాను. నలభై ఏళ్ళుగా అలవాటైన నోరు, దానంతట అదే అనేసింది.

మూడో రోజుకి వీపు ఎర్రబడింది. గదిలో ఉక్కకి తట్టుకోలేక బొంత బయట మేడ మీద పడుకుందట, ఎండ కొట్టింది, పొక్కులు లేచాయి. నువ్వు రాసినట్టే డాక్టరు దగ్గరికి పంపాను. నేను వెళ్ళలేదు, పంపాను. ఎవరు చేశారమ్మా ఇలా అని డాక్టరు కోప్పడితే, "ఇంట్లో నేనే చేశానండీ" అని చెప్పిందట టైలరమ్మ. నన్ను కాపాడింది. ఆ మాట వచ్చి నాకు చెబుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నీ షాపు పరువు తీశాను. తిట్టు. తిట్టాక ఏం చెయ్యాలో చెప్పు.

మీ బావ

*

అద్దె గది
బుధవారం

బావా,

నిన్ననే కట్టు విప్పారు. ఈ మొదటి నాలుగు పంక్తులు కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమది నయం, ఇది ఇంకా చంటిపిల్లాడి చెయ్యే. ఇక్కడ నుంచి మళ్ళీ ఎడమతో.

ముందు నువ్వే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఏ మిషన్, ఏ బ్లేడు, ఎంత దగ్గరగా, ఏ రోజున, అన్నీ చెప్పు. పొక్కులు ఎండ వల్లనా, బ్లేడు వేడి వల్లనా అన్నది ఆయనకి తెలియాలి, మందు దాన్ని బట్టి ఉంటుంది. ఆవిడ నీ కోసం అబద్ధం చెబితే అది బొంత ఒంటి మీదకే వస్తుంది.

తర్వాత టైలరమ్మ దగ్గరికి వెళ్ళు. పుండు మానేదాకా ఎండ తగలకుండా పల్చటి నూలు చొక్కా కుట్టమను, ఆవిడకి చెప్పాలా. ఎండెక్కకముందు, పొద్దు వాలాక మాత్రమే తిప్పమను. అన్నిటికన్నా ముఖ్యం, ఆరు వారాలన్న మాట వెనక్కి తీసుకో. పాపం ఆవిడ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నలభై రెండో రోజున వీపు చూసి, తను ఏం తప్పు చేసిందో అని వెతుక్కుంటుంది. ఎవరైనా చెప్పకపోతే మనుషులు తప్పు తమ మీదే వేసుకుంటారు. అది జరగనివ్వకు. రాకపోవచ్చు అని చెప్పు. నీ నోటితో, ఆవిడ మొహం చూస్తూ చెప్పు.

షాపు పరువు గురించి తర్వాత చూద్దాం.

నీ బావమరిది

*

మా ఇల్లు, వంటగది బల్ల
సోమవారం

బావమరిదీ,

రెండూ చేశాను.

డాక్టరు నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. నన్ను నిలబెట్టి కడిగేశాడు. "మీరు ఆ కుక్క వయసడిగారా? చర్మం జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగారా? ఏం జరగొచ్చో ఆవిడకి చెప్పారా?" వయసు మాత్రం తెలుసన్నాను. "తెలిసి చేశారా?" అన్నాడు. ఆ ఒక్కటీ తెలియదన్నా బాగుండేది.

టైలరమ్మ గదికి నలభై ఒక్క మెట్లు. ఎక్కుతూ ప్రతి మెట్టు మీదా ఒక వాక్యం తయారుచేసుకున్నాను, పైకి వెళ్ళేసరికి అన్నీ మర్చిపోయాను. "అమ్మా, ఆరు వారాలన్నది అబద్ధం. రావచ్చు, రాకపోవచ్చు. మా బావమరిది వద్దని రాశాడు, అయినా చేశాను" అన్నాను. ఆవిడ కుట్టు మిషన్ తొక్కుతూనే ఉంది. ఆ కుట్టు అయిపోయి, దారం తెంపాక తలెత్తింది. "నేను కూడా ఒకటి చెప్పలేదు అన్నగారూ" అంది. ఎండ నిజమేనట, కానీ ఆ రోజు ఏడ్చింది ఎండకి కాదట. ఒక నల్ల సూటు మీద బొంత వెంట్రుకలు అంటుకున్నాయని ఇచ్చినవాడు మొహాన విసిరికొట్టి, ఇక నీకు పని ఇవ్వనన్నాడట. ఆ కోపంలో దాన్ని తీసుకుని వచ్చిందట. "నా బట్టల కోసం దాని బట్ట విప్పించాను" అని ఏడ్చింది. బొంత ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది, నన్ను చూసి లేవలేదు.

తర్వాత నీ పద్ధతి చేయించాను. కిటికీ ఎండలో ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు పక్కటెముకల మీద, బొచ్చున్న చోట, లోపలికంటా పెట్టించాను. తర్వాత వీపుకి పైపైన, పుండు తగలకుండా. ఆవిడ లేచింది. టేపు తీసుకుని కొలతలు మొదలుపెట్టింది. సాయంత్రానికి చొక్కా తయారు, మెడ దగ్గర కాజాతో సహా. రోజూ పొద్దున్న వెళ్ళి మిగతా ఒళ్ళంతా దువ్వి వస్తున్నాను. మొదటిరోజే సంచెడు ఉన్ని వచ్చింది, నువ్వు చెప్పినట్టే. దువ్విన దగ్గర్నుంచి రొప్పడం సగానికి తగ్గింది. ఆ రెండు గంటలు ముందే దువ్వి ఉంటే ఎంత బాగుండేది.

ఒకటి అడుగుతాను. ఇంత జరిగినా నన్ను ఒక్క మాట అనలేదేం? నీ నోరు నాకు తెలుసు. తువ్వాలు తప్పుగా మడిస్తే అరగంట తిడతావు. నేను పెద్దవాణ్ణని ఊరుకున్నావా? ఊరుకోకు. నా చేతిలో పాడైన కుక్క ఇది రెండోది. గున్న సంగతి నేనేం మర్చిపోలేదు. మీ అక్క ఆపరేషన్‌కి వెళుతూ, బాగా మెరవాలని దాన్ని నా సెలూన్ పచ్చ సబ్బుతో రుద్ది నీకు అప్పగించాను. రెండు నెలలకి తిరిగొచ్చేసరికి వీపంతా ఊడిపోయి ఉంది. పదిహేడేళ్ళయింది. ఇప్పటికీ మీ అక్క నా చేతిలో సబ్బు చూస్తే గున్న పేరెత్తుతుంది. ఎత్తకపోయినా నాకు గుర్తుకొస్తుంది.

మీ బావ

*

అద్దె గది
మంగళవారం

బావా,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. రోజూ రాయమన్న ఆవిడ రోజూ అడుగుతోంది, ఏదీ పేజీ అని. రాయలేకపోయాను. ఈ రోజు రాస్తాను.

టబ్బు పైన ఫొటో గున్నది.

నేను ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది అది. కొత్త మిషన్ కొన్నాను, దేనిమీదైనా పెట్టాలని చేతులు దురదగా ఉండేవి. మీరు ఆసుపత్రికి వెళ్ళిన వారానికి ఎండలు ముదిరాయి. గున్నకి వీపంతా తీసేస్తే చల్లగా ఉంటుందనుకున్నాను. అక్క ఇంటికొచ్చేసరికి తీరుగా మొలుస్తుందని, నన్ను మెచ్చుకుంటుందని. మొలవలేదు. అక్కడక్కడా కుచ్చులు వచ్చాయి, మిగతాది రాలేదు. డాక్టరుకి చూపిద్దామని తీసిన ఫొటో అది. చూపించడానికి కూడా ధైర్యం చాల్లేదు.

వెంట్రుకల పని చేసేవాడివి, కత్తిరించినదానికీ ఊడినదానికీ తేడా నువ్వే పట్టేయాలి. కానీ ఆ రోజు నీ కళ్ళు అక్క మీద ఉన్నాయి. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, గున్న వైపు ఒక్కసారి చూసి, "నా సబ్బు పడలేదంటావా?" అని నువ్వే అడిగావు. నేను "అయ్యుండొచ్చు బావా" అన్నాను. అంతే. ఆ రెండు మాటలే. తర్వాత విప్పి చెబుదామనుకున్న ప్రతిసారీ నిన్ను చూశాను. రోజూ సెలూన్ మూసి వచ్చి, అన్నం కూడా తినకుండా, దాని వీపుకి కొబ్బరినూనె రాసేవాడివి. అది పోయేదాకా ఆరేళ్ళు రాశావు. నువ్వు రాసేకొద్దీ నాకు చెప్పడం కష్టమైపోయింది.

షాపు పెట్టినప్పుడు ఆ ఫొటో గోడకి కొట్టాను. వచ్చినవాళ్ళకి దాన్నే చూపించి ఇలా అవుతుందని చెబుతాను. ఎవరి కుక్క అని అడిగితే తెలియదంటాను. ఎవరైనా చెప్పకపోతే మనుషులు తప్పు తమ మీదే వేసుకుంటారని నీకు రాశానే, అది పుస్తకంలో చదివింది కాదు.

నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది?

నీ బావమరిది

*

నీ షాపు, టబ్బు పక్క స్టూలు
ఆదివారం

బావమరిదీ,

మూడు వారాలు రాయలేదు. రాయలేదని కాదు, రాసి చించేశాను, మూడుసార్లు. మొదటిది నువ్వు చదివి ఉంటే ఇంకో చేతికి కూడా ఆపరేషన్ కావలసి వచ్చేది.

కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఆరేళ్ళు ఆ నూనె రాసిన చేతులురా ఇవి. సెలూన్లో ఆ పచ్చ సబ్బు పెట్టెడు ఉంటే తీసుకెళ్ళి కాలవలో పారేశాను. చంటిపిల్లలకి తల కడగమంటే ఇంటి నుంచి సబ్బు తెచ్చుకోండమ్మా అని పంపేవాణ్ణి. చుట్టుపక్కలవాళ్ళు నాకు చాదస్తమన్నారు. నువ్వు ఆ పక్కనే కూర్చుని పేపరు చదివేవాడివి. అది తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఒకరోజు నలభై ఒక్క మెట్లు ఎక్కుతుంటే ఆలోచన వచ్చింది. టైలరమ్మకి చెప్పడానికి నేను రెండు వారాలకి పైగా తీసుకున్నాను. అది కూడా నువ్వు వెనక నుంచి నెడితే. నిన్ను నెట్టేవాళ్ళు ఎవరూ లేరు. వయసులో నేను పెద్ద, దాచడంలో నువ్వు పెద్ద, అంతే తేడా. నువ్వు ఆ రోజే చెప్పుంటే ఏం చేసేవాణ్ణి? రెండు తగిలించేవాణ్ణి. ఆ రెండింటికి భయపడి పదిహేడేళ్ళు మోశావు. వెర్రివాడా.

బొంత సంగతి. పుండు మానింది. ఆరు వారాలు దాటాయి. పక్కలకి బూడిదరంగు ఉన్ని వచ్చింది, నడుం మీద కాస్త పైవెంట్రుక కూడా. మధ్యలో అరచేయంత చోటు నున్నగానే ఉంది. చలికాలం దాకా చూద్దామన్నాడు డాక్టరు, రాకపోతే ఇక రాదట. టైలరమ్మకి ముందే తెలుసు కాబట్టి ఆవిడ రోజులు లెక్కపెట్టడం లేదు, చొక్కాలు లెక్కపెడుతోంది, నాలుగయ్యాయి. నిన్న నన్ను చూసి బొంత లేచి వచ్చింది. తోక ఊపలేదు, వచ్చి నిలబడింది. అది చాలు నాకు.

ఫొటో మొదట తీసేశాను. రెండు రోజులు గోడ మీద తెల్లటి చోటు చూశాను. మళ్ళీ పెట్టేశాను. కింద చీటీ అంటించాను, "గున్న. మా ఇంటి కుక్క. మేమే చేశాం. జుట్టు రాలేదు" అని. ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పడానికి మనిషి ఉన్నాడు. మొన్న ఒకాయన అంతకన్నా పెద్ద బొచ్చుకుక్కని తెచ్చి గుండు చెయ్యమన్నాడు. చెయ్యి పెట్టించాను, చీటీ చదివించాను, దువ్వి పంపించాను. కోపంగానే వెళ్ళాడు. వెళ్ళనీ.

ఒక్కటి మిగిలింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర మీ అక్క మళ్ళీ అంది, "ఆ కుక్కలకి సబ్బు పెట్టేటప్పుడు జాగ్రత్త, గున్నని చేసినట్టు చేసేరు" అని. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ మాట నాకు తగల్లేదు. అయినా నేను చెప్పను. టైలరమ్మకి నేను చెప్పాను, నన్ను మెట్లెక్కించింది నువ్వు. ఇప్పుడు నీ వంతు. మీ అక్క ఎన్ని మెట్ల మీద ఉంటుందో నీకు నాకన్నా బాగా తెలుసు.

కట్టు విప్పారు కదా. కుడి చేత్తో రాయి.

మీ బావ

*

అద్దె గది
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం మొత్తం కుడి చేత్తోనే రాస్తున్నాను. నాలుగుసార్లు ఆగాను, నొప్పికి కాదు.

గున్న వీపు మీద జుట్టు పోయింది బావ సబ్బు వల్ల కాదు. మీరు ఆసుపత్రిలో ఉండగా నేను మిషన్ పెట్టి గుండు చేశాను. నువ్వు చూసి శభాష్ అంటావనుకున్నాను. తర్వాత చెప్పడానికి భయపడ్డాను. ఇన్నేళ్ళూ నువ్వు బావని సబ్బు గురించి దెప్పుతుంటే పక్కనే కూర్చుని నవ్వాను కూడా.

బావకి చెప్పాను. నీకు చెప్పడం నా పనే అన్నాడు.

వచ్చే బుధవారం పొద్దున్న బస్సుకి దిగుతాను. తలుపు తీస్తే లోపలికి వస్తాను. తియ్యకపోతే షాపులో ఉంటాను. బొంత వస్తుంది, నెమ్మదిగా దువ్వాలి.

నీ తమ్ముడు